మంగతాయారుకి అర్థమైన పాఠం

మా ఆడపడుచు కూతురికి ఈ ఏడు హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆర్డరు పట్టుకుని రాజమండ్రి వచ్చి, "అత్తయ్యా, హిస్టరీ, జాగ్రఫీ నేను చూసుకుంటాను. ఎకనామిక్స్ ఒక్కటే భయంగా ఉంది. పిల్లలకి అర్థమయ్యేట్టు ఎలా చెప్పాలో నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అంది. సరేనన్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, ఆమె అడిగినదానికీ నేను రాయగలిగినదానికీ పొంతన లేదని.

అర్థమయ్యేట్టు చెప్పడం పెద్ద విద్యేమీ కాదమ్మా. కాస్త ఓపిక, కాస్త లోకజ్ఞానం ఉంటే ఎవరైనా చెప్పగలరు. అర్థమయ్యాక ఆ పిల్లలు ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు. నా సర్వీసంతటిలో అర్థశాస్త్రం నిజంగా తలకెక్కిన పిల్ల ఒక్కతే కనిపించింది. దానివల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదు. ఆ సంగతే రాస్తాను. ట్రాన్స్‌ఫర్ల కోసం కాళ్ళరిగేలా తిరగడం, ఇంక్రిమెంట్లు ఆగిపోవడం అందరికీ ఉండేవే కనుక వాటిని వదిలేస్తున్నాను.

చివరి పాఠాలు

సోషల్ పుస్తకంలో అర్థశాస్త్రం ఎప్పుడూ చివర ఉండేది. మొదట రాజులూ యుద్ధాలూ, తర్వాత ఖండాలూ పంటలూ, ఆ తర్వాత పౌరశాస్త్రం, అన్నీ అయ్యాక ఇది. అక్కడికి వచ్చేసరికి సంక్రాంతి సెలవులు అయిపోయి, పరీక్షలు నెత్తిమీదికి వచ్చేవి. అందుచేత చాలామంది మాస్టార్లు ఆ పాఠాలకి నోట్సు చెప్పి రాయించి, బట్టీ పట్టించి చేతులు దులుపుకునేవారు.

డెబ్భైల మొదట్లో నాకు నరసాపురం వెళ్ళే దారిలో, కాలువ పక్కన ఒక ఊరి హైస్కూలుకి పోస్టింగు వచ్చింది. ఊరి పేరు రాయను. మా హెడ్మాస్టరు సోమయాజులుగారు మొదటిరోజే తేల్చి చెప్పారు. "ఎకనామిక్స్‌కి పది మార్కులండీ. దానికోసం మీరు గొంతు చించుకోకండి. డిమాండ్ సూత్రం, ఉత్పత్తి కారకాలు, శ్రమ విభజన లాభాలు. మూడూ నోటికి వస్తే చాలండి."

నేను వయసులో ఉన్నాను, పొగరు కూడా ఉంది. బట్టీ పట్టించనని నిశ్చయించుకున్నాను. మొదటి పాఠమే నా తిక్క కుదిర్చింది. ధర తగ్గితే కొనేవాళ్ళు పెరుగుతారని బోర్డు మీద గీత గీసి చూపించాను. వెనక బెంచీలో షావుకారుగారి అబ్బాయి ఒకడుండేవాడు. వాళ్ళకి పెనుగొండలో బట్టల కొట్టు. వాడు నిలబడి, "అన్నిటికీ కాదండి. పట్టుచీర రేటు తగ్గించామనుకోండి, పాత సరుకని వెనక్కి పెట్టేస్తారండి. మా నాన్నగారు అందుకే తగ్గించరండి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే బస్సులో కూడా నవ్వొచ్చింది. ఈ పాఠాలు చెప్పాల్సిన పద్ధతి ఇదేననీ, పిల్లలకి తెలిసిన ఊరినే పుస్తకం పక్కన పెట్టి చూపించాలనీ అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంతోషం మీద నాకు జాలేస్తుంది.

గుండుసూది

శ్రమ విభజన పాఠానికి పుస్తకంలో గుండుసూదుల కార్ఖానా ఉదాహరణ ఇచ్చారు. ఒకడు తీగ లాగుతాడు, ఒకడు తెంపుతాడు, ఒకడు మొన తీస్తాడు, ఇంకొకడు తల అతుకుతాడు. ఒక్కొక్కడూ మొత్తం సూది చేసేకంటే ఇలా పంచుకుంటే ఎన్నో రెట్లు ఎక్కువ సూదులు వస్తాయి. ఆ కార్ఖానా ఎక్కడో విదేశంలోది. మా పిల్లలు గుండుసూది చూశారు కానీ కార్ఖానా చూడలేదు.

పాఠం చెబుతుంటే ఆడపిల్లల వరసలో తలలన్నీ వంగి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఒళ్ళో తెల్లదారం, చేతిలో లేసు సూది. ఆ ప్రాంతంలో రైతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా లేసు అల్లుతారు. సూదికి చిన్న కొక్కెం ఉంటుంది. దానితో దారాన్ని లాగి లాగి పువ్వులు అల్లుతారు. ఏజెంటు వచ్చి దారం ఇచ్చి, అల్లిన పువ్వుల కట్టలు తీసుకుపోతాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక పిల్లని లేపాను.

"ఏంటది?"

"పువ్వండి."

"ఏం పువ్వు?"

"అయిదు రెక్కల పువ్వండి. మా వీధిలో అందరం ఇదేనండి. ఆకులు అవతల ఊరోళ్ళు అల్లుతారండి. అతుకులు ఇంకో ఊళ్ళో ఎవరో వేస్తారటండి."

"అన్నీ అతికితే ఏమవుతుంది?"

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు. వాళ్ళ అమ్మలకీ తెలియదు. అమ్మమ్మల నాటినుంచీ ఆ ఊరు పువ్వులు అల్లుతోంది. అతికిన లేసు ఎలా ఉంటుందో, దేనికి వాడతారో అక్కడ చూసినవాళ్ళు లేరు. నా కోపం ఎగిరిపోయింది. పుస్తకం మూసేసి, గుండుసూది కార్ఖానా ఇక్కడే ఉందర్రా, మీ వసారాల్లోనే ఉంది అన్నాను. ఆ పీరియడంతా వాళ్ళ లేసు మీదే పాఠం చెప్పాను.

బెల్లు కొట్టాక ఒక పిల్ల నా వెనకే వచ్చింది. తొమ్మిదో తరగతి, పేరు మంగతాయారు. సన్నగా, పొడుగ్గా ఉండేది. క్లాసులో నోరు విప్పేది కాదు. "టీచరుగారండీ, ఆ సూదుల కార్ఖానాలో తీగ లాగేవాడికి అది సూది అవుతుందని తెలుసాండి?" అని అడిగింది. నేను ఎన్నోసార్లు చదివిన పాఠం అది, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. తెలిసే ఉంటుంది, ఒకే కప్పు కింద పని కదా అన్నాను. "అయితే వాళ్ళే నయమండి" అని వెళ్ళిపోయింది.

నోట్సు రాయని పిల్ల

అంతకుముందు మంగతాయారుని నేను బద్ధకస్తురాలని అనుకునేదాన్ని. నోట్సు చెబుతుంటే చేతులు కట్టుకుని వింటూ కూర్చునేది. ఒకసారి నిలబెట్టి, రాణీగారికి కలం బరువైందా అని వెక్కిరించాను కూడా. తలొంచుకుంది. పక్కన కూర్చున్న పిల్ల చెప్పింది, "ఇంకు అంటుతుందండి. దారం పాడైపోద్దండి."

అప్పుడు తెలిసింది సంగతంతా. లేసు దారం మల్లెపువ్వంత తెల్లగా ఉంటుంది. పువ్వు మీద చుక్కంత మరక ఉన్నా ఏజెంటు గవర్రాజు కట్ట మొత్తం వెనక్కి విసిరేస్తాడు. దారం ఖరీదు కూడా పట్టుకుంటాడు. కొత్తగా ఎవరికైనా దారం ఇచ్చేముందు అతను అరచేతులు తిప్పి చూస్తాడట. గరుకు చెయ్యయితే దారం పీకుతుంది, మురికి చెయ్యయితే మరక పడుతుంది. అందుకని ఆ ఇళ్ళల్లో లేసు అల్లే పిల్లలచేత పేడ ఎత్తించరు, బూడిదతో అంట్లు తోమించరు. చూసేవాళ్ళకి గారాబంలా కనిపిస్తుంది. అంత జాగ్రత్తగా కాపాడుకున్న చేతులకి బడిలో మేం సిరా పూస్తున్నాం. ఆ రోజుల్లో కలాలు ఎంత కారేవో మీకు తెలియదు. సాయంత్రానికి మూడు వేళ్ళూ నీలంగా తయారయ్యేవి.

మంగతాయారు అందుకే రాసేది కాదు. విని గుర్తుపెట్టుకునేది. పరీక్షలప్పుడు మాత్రం తప్పదు కనుక, కలానికి గుడ్డపేలిక చుట్టుకుని రాసి, ఇంటికెళ్ళి నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకునేది. పరీక్ష మర్నాడు పేపర్లు దిద్దుతూ ఆ పిల్లని దగ్గరికి పిలిస్తే నిమ్మకాయ వాసన వచ్చేది. పెన్సిలుతో రాయనివ్వమని హెడ్మాస్టరుగారిని అడిగాను. "క్వార్టర్లీ, హాఫియర్లీ నా చేతిలో పనండి, రాసుకోమనండి. పబ్లిక్ పరీక్షలో పెన్సిలు నడవదండి" అన్నారు. అది ఆయన తప్పు కాదు.

పనికి వెళ్ళని ఆడవాళ్ళు

ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆడటీచరుని కనుక లోపలిదాకా వెళ్ళనిచ్చారు. ఆ వీధి ఆడవాళ్ళు గడప దాటరు. పొలానికి వెళ్ళడం, బజారుకి వెళ్ళడం పరువు తక్కువ. మంగతాయారు పెద్దమనిషి అయినా ఇంకా బడికి పంపుతున్నారంటే వాళ్ళ నాన్న సుబ్బారాయుడుకి కూతురంటే ఎంత ముద్దో ఊహించుకోవచ్చు. చిన్న కమతం, మంచి మనిషి. నాకు కుర్చీ వేసి, తను నిలబడే మాట్లాడాడు.

నేను ఆర్థికశాస్త్రం మనిషిని కదా, ఇంట్లో ఎవరెవరు పని చేస్తారని అడిగాను. "నేనొక్కణ్ణేనండి. మా ఇంట్లో ఆడోళ్ళు పనికెళ్ళరండి, ఆయ్" అన్నాడు గర్వంగా. అతను ఆ మాట అంటుంటే వెనక వసారాలో అతని తల్లి, భార్య, చెల్లెలు, కూతురు నలుగురూ తల ఎత్తకుండా అల్లుతున్నారు. సూదులు ఆగలేదు.

"మరి అది పని కాదా అండి?" అన్నాను.

"అది తీరికప్పుడు కాలక్షేపానికండి. పనంటే ఎండలో చేసేదండి."

ఆ కాలక్షేపంతోనే ఇంట్లో ఉప్పూ పప్పూ వస్తున్నాయి. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ పని అని ఒప్పుకుంటే పరువు పోతుంది, పని కాదంటే గవర్రాజు ఎంత చేతిలో పెడితే అంత పుచ్చుకోవాలి. వాళ్ళు పరువునే ఎంచుకున్నారు. మర్నాడు క్లాసులో నేను శ్రమ అంటే ఏమిటో చెప్పాను. ప్రతిఫలం కోసం చేసే ప్రతి కృషీ శ్రమేనని చెబుతూ మంగతాయారు వంక చూశాను. ఆ పిల్ల చిన్నగా నవ్వింది. మా ఇద్దరికే తెలిసిన విషయం ఒకటి ఉందన్న తృప్తి నాకు కలిగింది.

ఇన్‌స్పెక్షను

ఆ ఏడు ఇన్‌స్పెక్టరుగారు వచ్చి నా క్లాసులో కూర్చున్నారు. శ్రమ విభజన వల్ల లాభాలేమిటని అడిగారు. మంగతాయారుని లేపాను. గడగడా చెప్పింది. చెప్పి ఆగకుండా, "నష్టం కూడా ఉందండి. చేసేవాడికి తను చేసేదేంటో తెలియకపోతే దాని రేటు కూడా తెలియదండి. ఎంతిస్తే అంతేనండి" అంది.

నాకు గుండె పొంగిపోయింది. ఇన్‌స్పెక్టరుగారు నావైపు తిరిగి, "ఇది టెక్స్ట్‌బుక్‌లో ఉందా అండి?" అన్నారు. లేదన్నాను. "అయితే ఉన్నది చెప్పించండి" అని రిపోర్టులో అదే రాసి వెళ్ళిపోయారు. సోమయాజులుగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వదులుకున్నది

ఇక అసలు పాఠం. అవకాశ వ్యయం అనేది ఆ రోజుల్లో హైస్కూలు పుస్తకంలో లేదు. నాకు అది ఇష్టం కనుక చెప్పాను. ఒక వస్తువు కోసం నువ్వు ఇచ్చే డబ్బు దాని అసలు ఖరీదు కాదు, దానికోసం నువ్వు వదులుకున్న రెండోదే అసలు ఖరీదు. చేలో చెరుకు వేస్తే ఆ చెరుకు ఖరీదు ఆ ఏడు పండకపోయిన వరి. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కితే దాని ఖరీదు తినకుండా వదులుకున్న జీళ్ళు. పిల్లలు సరదాపడి తలా ఒక ఉదాహరణ చెప్పారు. ఒకడు లెక్కల క్లాసు ఖరీదు నిద్ర అన్నాడు. బెల్లు కొట్టేదాకా నవ్వులే.

మంగతాయారు అందరూ వెళ్ళాక వచ్చింది. "నేను బడికొస్తే, దాని ఖరీదు నేను అల్లకుండా వదిలేసిన పువ్వులండి. అంతేనాండి?"

"అంతే" అన్నాను. "చాలా బాగా చెప్పావు."

"మరి నేను ఇంట్లో కూర్చుని అల్లితే, దాని ఖరీదు బడండి."

"అదీ అంతే."

"రెండిట్లో ఏది ఎక్కువో ఎలా తెలుస్తుందండి?"

ముందుముందు దేనివల్ల మేలు ఎక్కువో ఆలోచించి చూసుకోవాలి అన్నాను. ఆ పిల్ల తలూపింది. నేను స్టాఫ్‌రూములోకి వెళ్ళి అందరికీ చెప్పాను, ఇలాంటి బుర్ర ఈ స్కూలుకి ఎప్పుడూ రాలేదని. తెలుగు మాస్టారు కాఫీ తెప్పించారు. అర్థశాస్త్రం చెప్పి నేను పూర్తిగా సంతోషపడిన రోజు అదొక్కటే.

పదో తరగతి సగంలో వాళ్ళమ్మ ఆదిలక్ష్మికి చూపు మందగించింది. లేసు అల్లేవాళ్ళకి అది మామూలే. సూది కొక్కెం కనిపించక వేలికి గుచ్చుకునేది, పువ్వు మీద రక్తపు చుక్క పడేది. గవర్రాజు రెండు కట్టలు వెనక్కి ఇచ్చాడు. ఇంట్లో బాగా కుదిరే చెయ్యి ఇక మంగతాయారుదే. మాఘమాసం వచ్చేసరికి ఆ పిల్ల బడికి రావడం మానేసింది. అప్పటికే పబ్లిక్ పరీక్షలకి ఫీజు కట్టేసింది. హాల్ టికెట్లు వచ్చాక నేను దానిది పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

సుబ్బారాయుడు నేను అనుకున్నట్టు అడ్డం పడలేదు. "నాకేం అభ్యంతరం లేదండి. పిల్లనే అడగండమ్మా. అది ఎలాగంటే అలాగేనండి" అన్నాడు. అడ్డం పడితే బాగుండేది. దెబ్బలాడడానికి నేను సిద్ధపడే వెళ్ళాను.

మంగతాయారు వసారాలో దీపానికి దగ్గరగా కూర్చుని ఉంది. నేను పక్కన చాప మీద కూర్చున్నాను. పరీక్షలున్నన్నాళ్ళూ వచ్చి రాస్తే చాలు, పాఠాలన్నీ నీకు వచ్చినవే, ప్యాసవుతావు, మంచి మార్కులు కూడా వస్తాయి అన్నాను. పక్కన వాళ్ళమ్మ చూపు ఆనక, మొహం మాత్రం మావైపు తిప్పి వింటోంది.

"పరీక్షలంటే చెయ్యంతా ఇంకండి. గవర్రాజుగారు ఇప్పుడు పెద్ద ఆర్డరని దారం ఎక్కువిచ్చారండి. ఇప్పుడు కాదంటే మా దారం పక్కింటికి పోద్దండి. పోయిన దారం మళ్ళీ రాదండి."

"నాలుగు రోజులకి దారం ఎక్కడికీ పోదు."

"పోద్దండి. మీరే చెప్పారు కదండి. అల్లేవాళ్ళు ఎక్కువైతే కొనేవాళ్ళకి మనం అక్కర్లేదని."

చెప్పాను. సప్లయి గురించి చెబుతూ ఆ మాటే అన్నాను. నేను మాట మార్చి, పదో తరగతి ప్యాసైతే తర్వాత ఏమేం చదవచ్చో చెప్పాను. ట్రెయినింగు చేస్తే నాలా టీచరువి కావచ్చు అన్నాను.

ఆ పిల్ల సూది ఆపి నావంక చూసింది. కోపంగా కాదు, నేను చెప్పిన లెక్కని సరిచూస్తున్నట్టు చూసింది. "మిమ్మల్ని మీ ఇంట్లో బస్సెక్కనిచ్చారండి. నన్ను ఈ ఊరు దాటనివ్వరండి. కాలేజీ ఉన్నది పాలకొల్లులో. నేను ప్యాసైనా ఇక్కడే కూర్చుని ఇదే అల్లాలండి. ప్యాసైనవాళ్ళ పువ్వుకి గవర్రాజుగారు ఎక్కువివ్వరు కదండి. రెండోదాని వల్ల వచ్చేది ఏమీ లేనప్పుడు, దానికోసం ఉన్నదాన్ని వదులుకోకూడదు కదాండి. ఆ పాఠం అంతే కదండి?"

పాఠం అంతే. అందులో ఒక్క తప్పు లేదు. పేపరు మీద రాస్తే పదికి పది వేసేదాన్ని. నేను గోదావరి దాటి వచ్చి ఎంతో ఇష్టపడి చెప్పిన ముక్కని ఆ పిల్ల నాకంటే శుభ్రంగా అప్పజెప్పింది. చదువు చదువు కోసమే అనో, జ్ఞానం వెలుగు అనో నీళ్ళు నమలబోయాను. ఆ దీపం దగ్గర, ఆ తల్లి కళ్ళ ముందు నోరు రాలేదు. సుబ్బారాయుడిని బతిమాలాను, కాలేజీకి పంపిస్తానని ఒక్కమాట అనవయ్యా, దాని లెక్క మారిపోతుంది అన్నాను. అతను గుమ్మం పట్టుకుని వీధివైపు చూశాడు. "వీధిలో నలుగురూ ఏమంటారండి" అన్నాడు.

ఆ మనిషి చెడ్డవాడైతే నా బాధ సగం తగ్గేది.

ఖాళీ బెంచీ

పరీక్ష మొదటిరోజు ఆ పిల్ల బెంచీ ఖాళీగా ఉంది. చివరి నిమిషంలో వస్తుందేమోనని గేటు దగ్గరే నిలబడ్డాను. గంట కొట్టేశారు. సోమయాజులుగారు నన్ను చూసి, నా మనసు తేలికచేద్దామనే కాబోలు, "బాధపడకండమ్మా. ఆబ్సెంటయినవాళ్ళని పర్సెంటేజీలో కలపరు. మన రిజల్ట్‌కి నష్టం లేదండి" అన్నారు. ఆయన క్రూరుడు కాదు. చేతిలో ఉన్న కొలబద్దతో కొలిచేవాడు, అంతే. ఇన్‌స్పెక్టరుగారూ అంతే. మాలో ఎవరి కొలబద్దకీ ఆ పిల్ల అందలేదు.

ఆ మరుసటి ఏడాది నేను అవకాశ వ్యయం చెప్పలేదు. పుస్తకంలో లేనిదాన్ని ఎందుకు చెప్పాలని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. క్రమంగా మిగతావీ నోట్సులోకి వచ్చేశాయి. డిమాండ్ సూత్రం, ఉత్పత్తి కారకాలు, శ్రమ విభజన లాభాలు. పిల్లలు గట్టిగా చదివేవారు. నా సబ్జెక్టులో ప్యాసైనవాళ్ళు పెరిగారు. సోమయాజులుగారు రిటైరయ్యే ముందు మీటింగులో నన్ను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

అందుచేత నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. ఎకనామిక్స్ చెప్పడం కష్టం కాదు. మన చుట్టూ ఉన్నదే అందులో ఉంటుంది. మనుషులు ఎందుకు ఇలా చేస్తున్నారో అది చక్కగా చెబుతుంది. ఇలా కాక ఇంకోలా చెయ్యాలంటే ఎక్కడ పట్టుకుని మార్చాలో నాకు దొరికిన ఏ పాఠంలోనూ లేదు. తలుపు మూసి ఉన్న ఇంట్లో కూర్చున్న పిల్లకి, నువ్వు ఈ తలుపు లోపల ఉన్నావు అని తెలియజెప్పడం నా ఉద్యోగం అయింది. అది తెలియకముందు ఆ పిల్ల సుఖంగా ఉండేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. నీకు ఇంతకంటే మంచి రోజులు రావచ్చు. వస్తాయని మాత్రం నేను రాయలేను.

శాలువా, లేసు గుడ్డ

మధ్యలో వేరే ఊళ్ళు తిరిగి, చివరికి నేను మళ్ళీ ఆ స్కూల్లోనే పనిచేస్తూ రిటైరయ్యాను. మీటింగు పెట్టి శాలువా కప్పి, రంగు కాగితంలో చుట్టిన కానుక ఒకటి చేతిలో పెట్టారు. ఇంటికెళ్ళి విప్పితే లేసు గుడ్డ. నరసాపురంలో కొన్నారట. పువ్వులు, ఆకులు, అతుకులు, చుట్టూ అంచు. మొత్తం. అంతకాలం ఆ ఊళ్ళో ఉండి అతికిన లేసుని నేను చూడడం అదే మొదటిసారి.

రాజమండ్రి వచ్చేసే ముందు దాన్ని తీసుకుని మంగతాయారు ఇంటికి వెళ్ళాను. ఆ వీధిలోనే పెళ్ళయింది, పుట్టింటికి నాలుగిళ్ళ అవతల. కళ్ళజోడు వచ్చింది. వాళ్ళమ్మ ఆదిలక్ష్మి కూడా అక్కడే ఉంది, చూపు పూర్తిగా పోయింది. నేను గుడ్డని చాప మీద పరిచాను. మంగతాయారు ముందు చేతులు కొంగుకి తుడుచుకుని, అప్పుడు ముట్టుకుంది. ఆదిలక్ష్మి తడుముకుంటూ వచ్చి, వేళ్ళతో రెక్కలు ఒక్కొక్కటే పట్టి చూసి, "ఇది మన పువ్వేనే. ముడి ఇలాగే కదా వేస్తాం" అంది. ఆమె మొహం విచ్చుకుంది.

"ఇది దేనికండి?" అని అడిగింది మంగతాయారు.

"పెద్దపెద్ద ఇళ్ళల్లో భోజనాల బల్ల మీద పరుస్తారు."

"బల్ల మీదాండి? దీనిమీద కంచాలు పెట్టుకుంటారాండి?"

"పెట్టుకుంటారు."

కాసేపు ఆలోచించింది. చిన్నప్పుడు క్లాసు అయ్యాక వచ్చి అడిగేముందు అలాగే ఆలోచించేది. "కూరలవీ ఒలకవాండి? మరకలు పడవాండి?"

"పడతాయి. ఉతుక్కుంటారు."

"ఉతికితే పోతాయాండి?"

"పోతాయి" అన్నాను.

తన కుడిచేతి మూడు వేళ్ళవంక చూసుకుంది. తెల్లగా, మెత్తగా ఉన్నాయి.

"అయితే పువ్వుకంటిన ఇంకు కూడా పోయేదేనేమోనండి" అంది.

ఆమె గుడ్డని అంచులు కలిపి జాగ్రత్తగా మడతపెట్టి నా చేతికిచ్చి, దారం అందుకుంది.